ఇంజనుకు కాటా వేయడం ఎందుకు?

కథలూ, కవితలూ రాయగల మిత్రులు మన కాలేజీలో బోలెడుమంది వున్నారు గనుక ఈ సంచికలో వాటికి కొదవ వుండదు. అందుచేత నేను నాకు బాగా తెలిసిన విషయం ఒకటి ఎంచుకున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో రెండు ఇంజన్లున్నాయి. ఒకటి మా తాతగారి నాటి ఆయిల్ ఇంజను. చెరకు గానుగ తిప్పుతుంది. రెండోది మూడు సిలిండర్ల ట్రాక్టరు. ఫిజిక్సు పుస్తకంలో వృత్తాకార చలనం అనీ, సరళహరాత్మక చలనం అనీ రెండు అధ్యాయాలున్నాయి కదా, పరీక్ష కాగానే చాలామంది మరిచిపోయేవి, అవి రెండూ ఈ ఇంజన్లలో పగలంతా నడుస్తూనే వుంటాయి.

ఇంజను పొగ ఎక్కువ తోలి, ఆయిలు తాగడం మొదలుపెడితే "బోరుకొచ్చింది" అంటారు. అప్పుడు దాన్ని దించి, విప్పి, లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగు షెల్సు మార్చి, క్రాంకును గ్రైండింగు చేయించి మళ్ళీ బిగిస్తారు. ఇందులో కొలతలంటే అందరికీ పట్టింపే. ఎంత అరిగింది, ఎన్ని 'థౌ'ల ఓవర్‌సైజు వేయాలి, క్లియరెన్సు ఎంత అని మైక్రోమీటరు పెట్టి చూస్తారు. కాని బరువు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. పిస్టను సిలిండరులో సరిగ్గా పట్టింది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ 'ఇంకేం' అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. జొన్న చేలో పిట్టలను తోలడానికి ఒడిసెల తిప్పిన వాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. రాయి చిన్నదే అయినా వేగం పెరిగేకొద్దీ తాడు చేతిని లాగేస్తుంది. ఆ లాగుడు బరువును బట్టీ, తిరిగే వృత్తం వ్యాసార్ధాన్ని బట్టీ పెరుగుతుంది. కాని వేగాన్ని బట్టి మాత్రం వర్గంలో పెరుగుతుంది. చుట్లు రెట్టింపయితే లాగుడు నాలుగు రెట్లు, మూడింతలయితే తొమ్మిది రెట్లు. ఇరుసు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో కేవలం 10 గ్రాముల బరువు ఒక పక్కన ఎక్కువ వుందనుకోండి. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాత లిస్టరు నమూనా ఆయిల్ ఇంజనులో ఆ పది గ్రాములు ఇరుసును పావు కిలో బరువుతో లాగుతాయి. 2000 చుట్లు తిరిగే ట్రాక్టరులో అవే పది గ్రాములు రెండు కిలోల పైచిలుకుతో లాగుతాయి. 6000 చుట్లు తిరిగే మోటారు సైకిలులోనయితే 20 కిలోలు! మా తాతగారి తరంలో బాలెన్సింగు అనే మాట ఎత్తకుండానే ఇంజన్లు నడిచిపోయాయంటే అందులో వింతేమీ లేదు. ఆ ఇంజన్లు మెల్లగా తిరిగేవి, దుక్కలాగా బరువుండేవి. కొద్దిపాటి తేడాలు ఆ మందగమనంలో కలిసిపోయేవి.

తిరిగే వస్తువును సమతూకం చేయడంలో రెండు మెట్లున్నాయి. మొదటిది సులువు. సైకిలును తిరగేసి నిలబెట్టి ముందు చక్రాన్ని మెల్లగా వదలండి. కాసేపు ఊగి ప్రతిసారీ ఒకే భాగం కిందికి వచ్చి ఆగుతుంది. అంటే ఆ వైపు బరువు ఎక్కువ. ఎదురు వైపున కాస్త బరువు కట్టి, ఎక్కడ వదిలితే అక్కడ ఆగేటట్లు చేయవచ్చు. త్రాసులో తేలిక సిబ్బికి పాసంగం కట్టడం లాంటిదే. దీన్ని స్థిర సమతూకం అందాం. ఫ్లైవీలులాంటి పలచని బిళ్ళకు ఇది చాలావరకు సరిపోతుంది.

క్రాంకు షాఫ్టు బిళ్ళ కాదు, పొడుగాటి వస్తువు. దాని ముందు చివర పైవైపున పది గ్రాములు, వెనుక చివర కిందివైపున పది గ్రాములు ఎక్కువున్నాయనుకుందాం. కత్తి అంచుల మీద పెట్టి చూస్తే అది ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. తూకం సరిగ్గా వుందనిపిస్తుంది. తిప్పడం మొదలుపెట్టగానే ముందు చివరను పైకి, వెనుక చివరను కిందికి రెండు బలాలు ఒకేసారి లాగుతాయి. కావడి మోసే మనిషిని తలుచుకోండి. ముందు కుండను ఎవరో పైకెత్తుతూ, వెనుక కుండను మరెవరో అంతే బలంతో కిందికి లాగుతూ వుంటే అతని భుజం మీద బరువు మారదు. కాని కావడి బద్ద మాత్రం ముందుకీ వెనక్కీ తూగి మనిషిని నిలవనివ్వదు. ఇదే మనం చదువుకునే బలయుగ్మం. నిలిపి చూస్తే ఇది దొరకదు, తిప్పితేనే దొరుకుతుంది. అందుకే దీన్ని సరిచేయడాన్ని గతిక సమతూకం అంటారు. దీనికి రెండు వేరు వేరు తలాల్లో బరువు తీయడమో కలపడమో చేయాలి.

బాలెన్సింగు యంత్రం మీద తొలి పేటెంటు 1870లో కెనడాకు చెందిన హెన్రీ మార్టిన్‌సన్‌ది. తరువాత ఆవిరి టర్బైన్లు వచ్చి వేలకు వేల చుట్లు తిరగడం మొదలయ్యాక ఇది తప్పనిసరి అవసరమయింది. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో జర్మనీలో లవాచెక్ రూపొందించిన యంత్రాన్ని డార్మ్‌స్టాట్ నగరంలోని షెంక్ కంపెనీ చేపట్టింది. ఇప్పటి యంత్రాల్లో క్రాంకును రెండు ఆధారాల మీద పెట్టి తిప్పుతారు. ఆధారాల కంపనాన్ని సెన్సర్లు కొలిచి, ఏ చివర, ఏ కోణంలో, ఎన్ని గ్రాములు తేడా వుందో తెరమీద చూపిస్తాయి.

పిస్టను తెచ్చిపెట్టే చిక్కు

ఇంతవరకు చెప్పింది తిరిగే వాటి గురించి. ఇంజనులో తిరగనిది కూడా ఒకటుంది. పిస్టను, దాని రింగులు, గజన్ పిన్ను, కనెక్టింగు రాడ్డు పై చివర, ఇవన్నీ పైకీ కిందికీ ఎగిరి దిగుతూ వుంటాయి. పైన ఒక క్షణం ఆగి, దిగి, కింద మళ్ళీ ఆగి తిరిగి లేవాలి. ఒకటిన్నర కిలోల బరువున్న వస్తువును సెకనుకు 33 సార్లు ఇలా ఆపి, తోసి, మళ్ళీ ఆపాలంటే ఎంత బలం కావాలి? స్ట్రోకు 120 మిల్లీమీటర్లు, చుట్లు 2000 అనుకుని లెక్క కట్టి చూశాను. పిస్టను పైన ఆగే చోట సుమారు 500 కిలోల బలం పైకి తంతుంది. కింద ఆగే చోట సుమారు 300 కిలోల బలం కిందికి తంతుంది.

పైన 500, కింద 300 అని ఈ తేడా ఎందుకొచ్చిందని ఫిజిక్సు మిత్రులు అడగాలి. సరళహరాత్మక చలనమయితే రెండూ సమానంగా వుండాలి కదా! కనెక్టింగు రాడ్డు పక్కకు వాలడం వల్ల వచ్చిన తేడా ఇది. రాడ్డు పొడవు క్రాంకు వ్యాసార్ధానికి నాలుగింతలుంటే, క్రాంకు పై నుంచి పావు చుట్టు తిరిగేసరికి పిస్టను సగం దూరం, అంటే 60 మిల్లీమీటర్లు దిగి ఊరుకోదు. సుమారు 67½ దిగి వుంటుంది. పై సగంలో ఎక్కువ హడావుడి, కింది సగంలో కొంచెం నిదానం. ఆ హడావుడికే పైన తన్ను ఎక్కువ.

ఒకే సిలిండరున్న ఇంజనులో ఈ తన్నును ఎలా మాన్పాలి? క్రాంకుకు ఎదురుగా బరువు పెట్టవచ్చు. పిస్టను పైకి తన్నినప్పుడు ఎదురు బరువు కిందికి లాగుతుంది, బాగానే వుంది. కాని పావు చుట్టు తిరిగాక పిస్టను తన్ను దాదాపు ఏమీ వుండదు, ఎదురు బరువు మాత్రం అదే బలంతో పక్కకు లాగుతుంది. పైకీ కిందికీ వున్న కుదుపును పక్కకు మళ్ళించామన్న మాట. అందుచేత తిరిగే బరువుకు పూర్తిగానూ, ఎగిరి దిగే బరువులో దాదాపు సగానికీ ఎదురు బరువు పెట్టి సరిపెట్టుకోవడం వాడుక. రెండు దిక్కులా సగం సగం కుదుపు. దీనికి ఇంతకంటే మంచి మందు ఒంటి సిలిండరులో సులువుగా లేదు. మా గానుగ ఇంజనును కాంక్రీటు దిమ్మలో బోల్టులు దించి బిగించింది అందుకే. బెల్లం వండే రోజుల్లో ఆ దిమ్మ మీద అరికాలు ఆనిస్తే ఈ సూత్రమంతా కాలికి తెలుస్తుంది. మన పల్లెల్లో కనిపించే లిస్టరు నమూనా ఇంజన్లు ఎన్నో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో తయారైనవి. ఈ ఎదురు బరువును కొన్ని ఇంజన్లలో క్రాంకు చెంపలకు బిగిస్తారు, కొన్నింట్లో ఫ్లైవీలులోనే ఒక వైపు పోత ఎక్కువ పోస్తారు. పాత ఫ్లైవీలు పగిలిందని వేరే ఇంజనుది తెచ్చి వేసేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి. ఇరుసు రంధ్రం సరిపోయినంత మాత్రాన తూకం సరిపోదు.

సిలిండర్లు పెరిగేకొద్దీ అవి ఒకదానికొకటి ఎదురు బరువులవుతాయి. నాలుగు సిలిండర్ల వరుస ఇంజనులో రెండు పైనుంటే రెండు కిందుంటాయి. పైన వెయ్యి కిలోలు, కింద ఆరు వందలు; తేడా నాలుగు వందల కిలోలు పైకి మిగిలిపోతుంది. అర చుట్టు తిరిగాక మళ్ళీ రెండు పైన, రెండు కింద, మళ్ళీ అదే నాలుగు వందలు. అంటే చుట్టుకు రెండుసార్లు కుదుపు. దీన్ని చంపడానికి రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు చిన్న షాఫ్టులు పెట్టవచ్చునని ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 20వ శతాబ్దం తొలి రోజుల్లోనే చూపించాడు. జపాను మిత్సుబిషి కంపెనీ 1975లో ఆ పద్ధతిని కార్లలో మళ్ళీ వ్యాప్తిలోకి తెచ్చింది. కొన్ని నాలుగు సిలిండర్ల ట్రాక్టర్లలో కూడా ఆయిల్ సంపులో ఇలాంటి బాలెన్సరు వుంటుంది. ఇంజను పని చేసేటప్పుడు దాని పళ్ళ గుర్తులు కలపకుండా బిగిస్తే అది కుదుపును చంపదు సరికదా, పెంచుతుంది. ఆరు సిలిండర్ల వరుస ఇంజనులో ఈ బాధలేవీ లేవు; లారీ ఇంజను మీద నీళ్ళ గ్లాసు పెట్టి చూపించే మేస్త్రీలున్నారు.

ఇక మా ట్రాక్టరు సంగతి. మూడు సిలిండర్లు, క్రాంకులు 120 డిగ్రీల ఎడంగా వుంటాయి. మొదటిది పైన 500 కిలోలతో తన్నే క్షణంలో మిగిలిన రెండూ చెరి 250 కిలోలతో కిందికి తంతాయి. లెక్క సున్నా. ఏ క్షణంలో తీసుకున్నా సున్నాయే, నమ్మకం లేనివాళ్ళు కొసైన్లు కూడి చూడవచ్చు. మూడూ ఒకే చోట లేక వరుసగా వున్నందువల్ల కావడి తూగినట్టు ముందు వెనుకల తూగు కొంత మిగులుతుంది, దాన్ని కొంతవరకు ఎదురు బరువులతో అణుస్తారు. కాని బలాల మొత్తం మాత్రం సున్నా. చూడండి, ఇది ఎంత చక్కని ఏర్పాటో! అయితే ఈ చక్కదనానికి ఒక షరతు వుంది. మూడు పిస్టన్లూ, మూడు రాడ్డులూ ఒకే బరువుండాలి.

2024 వేసవిలో జరిగింది

మా ట్రాక్టరు 2024 మే నెలలో బోరుకొచ్చింది. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి నాన్న పని చేయించారు. పట్నంలోని ఒక షెడ్డులో దించారు. దాని పేరు ఇక్కడ అనవసరం. మూడు పిస్టన్ల సెట్టులో ఒకటి దెబ్బతిని వుందని మరో కంపెనీది ఒక్కటి తెచ్చి వేశారు. ఒక కనెక్టింగు రాడ్డు వంగి వుందని పాత ఇంజను నుంచి తీసింది వేశారు. నాన్న అడిగితే "సైజు అదే బాబూ, తేడా ఏటీ వుండదు" అన్నారట. సైజు నిజంగానే అదే.

ఇంజను మంచి కంప్రెషనుతో స్టార్టయింది, పొగ తగ్గింది. కాని రేజింగు పెంచేకొద్దీ ఒక రకమైన జలదరింపు. స్టీరింగు పట్టుకుంటే గంటలోపు నాన్న చేతులు తిమ్మిరెక్కేవి. కొత్త ఇంజను కదా, సర్దుకుంటుంది అన్నారు అందరూ. జూలైలో సరిగ్గా ఉభాల రోజుల్లో, మడిలో దమ్ము పట్టిస్తుండగా, పంపు నుంచి నాజిలుకు వెళ్ళే డీజిలు పైపు చిట్లింది. కొత్తది వేస్తే పది రోజులకు అదీ చిట్లింది. నీళ్ళు వదిలిన మడి ఆగదు, నారు ముదిరిపోతుంది. గంటల లెక్కన పొరుగు ట్రాక్టరును పిలిపించాల్సి వచ్చింది. సొంత ట్రాక్టరు సాలలో వుంటే కిరాయి ట్రాక్టరుకు డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం ఏ రైతుకైనా ఎలా వుంటుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు.

పంటలయ్యాక పక్క ఊరి పెద్ద మేస్త్రి వచ్చి ఇంజను మళ్ళీ విప్పారు. ఆయన చదువు తక్కువే గాని చేతిలో ముప్పయ్యేళ్ళ పని వుంది. పిస్టన్లు బయటికి తీసి రెండు చేతుల్లో రెండు పట్టుకుని తూచినట్టుగా ఆడించి, "బాబూ, కిరాణా కొట్టులో కరెంటు కాటా వుంటాది, అడిగి తే" అన్నారు నాతో.

నాన్న నవ్వి, "ఏటి మావా, ఇంజన్ని కిలోల్లెక్కన అమ్మీడానికా?" అన్నారు.

"అమ్మడానికి కాదల్లుడా, అమ్మకుండా వుండడానికి" అన్నారాయన.

ఆ పూట మేం చూసిన అంకెలివి. రెండు పిస్టన్ల మధ్య ఒక గ్రాము తేడా కూడా లేదు. మూడోది వాటికంటే 42 గ్రాములు ఎక్కువ. రాడ్డుల్లో రెండు 1640 గ్రాముల చొప్పున, మూడోది 1735.

రాడ్డును మొత్తంగా తూచితే చాలదు. దాని కింది చివర క్రాంకుతో పాటు తిరుగుతుంది, పై చివర పిస్టనుతో పాటు ఎగురుతుంది. రెండింటి లెక్కలూ వేరు. అందుకని ఒక చివరను దారంతో వేలాడదీసి, రాడ్డు అడ్డంగా సమతలంగా వుండేటట్లు చూసి, రెండో చివరను కాటా మీద ఆనించి తూచాలి. మంచి రాడ్డు పెద్ద చివర 1135, చిన్న చివర 505. రెండూ కూడితే 1640 రావాలి, వచ్చింది. రాకపోతే రాడ్డు వాలి వుందనో, దారం పక్కకు లాగుతోందనో అర్థం. ప్రయోగశాలలో మన లెక్చరర్లు పట్టుబట్టే సరిచూపు అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చింది. తేడా రాడ్డుకు పెద్ద చివర 1200, చిన్న చివర 535. అంటే తిరిగే బరువులో 65 గ్రాములు, ఎగిరే బరువులో 30 గ్రాములు ఎక్కువ. దీనికి పిస్టను తాలూకు 42 కలిపితే ఎగిరే బరువు తేడా 72 గ్రాములు.

ఆ రాత్రి నోటు పుస్తకంలో లెక్క వేశాను. 2000 చుట్ల దగ్గర ఎగిరే 72 గ్రాములు పైన 24 కిలోలతో తంతాయి. తిరిగే 65 గ్రాములు 17 కిలోలతో లాగుతాయి. రెండూ ఒకే దిక్కున కలిసే క్షణంలో 41 కిలోలు, సెకనుకు 33 సార్లు. సున్నా రావలసిన చోట మిగిలింది ఇది.

సుమారు 1800 కిలోల ట్రాక్టరును 41 కిలోల తన్ను ఏం చేయగలదు అనవచ్చు. నిజమే, ట్రాక్టరును అది కదపలేదు. కదిలేవి దానికి పట్టుకుని వున్న సన్నని భాగాలు. డీజిలు పైపు, సైలెన్సరు, రేడియేటరు కాళ్ళు, స్టీరింగు గొట్టం, వీటిలో ప్రతిదానికీ తనదైన సహజ పౌనఃపున్యం వుంటుంది. తన్నుల లెక్క ఆ పౌనఃపున్యానికి దగ్గరపడితే అనునాదం వల్ల చిన్న కుదుపే పెద్ద ఊపవుతుంది. ఉయ్యాలను సరైన సమయానికి చిటికెన వేలితో తోసినా ఎత్తుకు వెళ్ళినట్టే. పైపు ఒక్క దెబ్బకు విరగదు. లక్షల సార్లు అటూ ఇటూ వంగి, నట్టు దగ్గర వెంట్రుకంత బీటతో మొదలై చిట్లుతుంది. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఆ పైపులను ఒకదానితో ఒకటి కలిపి పట్టే క్లిప్పులు కూడా షెడ్డులో తిరిగి బిగించలేదు. క్లిప్పులుంటే పైపు నిలిచేదేమో, తూకం సరిగ్గా వుంటే క్లిప్పులు లేకపోయినా నిలిచేదేమో. నా లెక్క ప్రకారం తప్పు రెండింటిదీ.

బరువును సరిచేయడానికి పద్ధతి ఇది: అన్నింటిలో తేలికైనదాన్ని ప్రమాణంగా తీసుకుని మిగతావాటి నుంచి లోహం తీయాలి, కలపడం కాదు. పిస్టనులో అయితే లోపలి వైపున, పిన్ను దూరే బొడిపెల దగ్గరి మందమైన చోట కొద్దిగా తీస్తారు. రాడ్డులో అందుకోసమే రెండు చివరలా మందమైన మెత్తలుంచుతారు, అక్కడే రుద్దాలి. రాడ్డు నడుమును ముట్టుకోకూడదు, ప్రాణమంతా అక్కడే. కాని 95 గ్రాములు తీయడమంటే రాడ్డును చెక్కి పారేయడమే. మేస్త్రి దానికి ఒప్పుకోలేదు. తయారు చేసినవాళ్ళు రాడ్డుల మీద బరువు తరగతిని తెలిపే అక్షరమో అంకెలో కొడతారు. మా రెండు రాడ్డుల మీద వున్న అక్షరమే వున్న మరో రాడ్డును వెతికి తెచ్చారు. అది మూడు గ్రాముల తేడాలో వచ్చింది. పిస్టను పాత జోడీ కంపెనీదే తెప్పించారు. కాటా పనికి పట్టింది గంటన్నర. చేతుల తిమ్మిరి పోయింది. పైపులు ఇంతవరకు చిట్లలేదు, క్లిప్పులు కూడా వున్నాయి లెండి.

క్రాంకును మేం యంత్రం మీద పెట్టించలేదు. పావు మిల్లీమీటరు గ్రైండింగు చేసినంత మాత్రాన తూకం పెద్దగా చెడదు, ఎందుకంటే అన్ని జర్నల్సు మీదా సమానంగా పోతుంది. కాని అరిగిన జర్నలును వెల్డింగు పోసి నింపితేనో, వేరే ఇంజను క్రాంకు తెచ్చి వేస్తేనో యంత్రం మీద పెట్టించడం మంచిది. ఎదురు బరువుల్లో 12 మిల్లీమీటర్ల డ్రిల్లుతో 10 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేస్తే సుమారు 9 గ్రాముల ఉక్కు పోతుంది. ఎదురు బరువు చాలక కలపవలసి వస్తే అదే రంధ్రంలో టంగ్‌స్టన్ మిశ్రలోహం దిగగొడతారు. నీటికి పదిహేడు, పద్దెనిమిది రెట్లు బరువుండే ఆ లోహం అంత రంధ్రంలో 20 గ్రాములు పడుతుంది. పోయిన 9 తీసేస్తే లాభం 11. అందులోనూ రంధ్రాన్ని షాఫ్టుకు సమాంతరంగా వేస్తారు, బయటి నుంచి లోపలికి కాదు. బయటి నుంచి వేస్తే అపకేంద్ర బలానికి ఆ ముక్క తుపాకి గుండులాగా ఎగిరిపోగలదు. అమెరికా వాళ్ళకు ఇష్టమైన వి-8 ఇంజన్లలాంటి వాటికి క్రాంకును ఒంటరిగా తిప్పి తూచడం కుదరదు. పిస్టను, రాడ్డుల వంతు బరువును లెక్కకట్టి, అంత బరువున్న బిళ్ళలను క్రాంకు పిన్నులకు బిగించి తిప్పుతారు.

ఎంత సరిగ్గా వుంటే చాలు అన్నదానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. పంపులు, ఫ్యాన్లు, ఫ్లైవీళ్ళ వంటివాటికి జి 6.3 అనే తరగతి వాడతారు. 2000 చుట్లు తిరిగే 30 కిలోల ఫ్లైవీలుకు దాన్ని వర్తింపజేస్తే గరిమనాభి ఇరుసు నుంచి 0.03 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు సగం మాత్రమే జరగవచ్చు. గ్రాముల్లో చెప్పాలంటే 15 సెంటీమీటర్ల దూరంలో 6 గ్రాములు. ఒక అయిదు రూపాయల బిళ్ళ బరువు.

వణికే ప్రతి ఇంజనుకూ జబ్బు తూకం కాదని కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా అనవసరంగా ఇంజను దింపించగలరు. మెల్లగా తిరిగేటప్పుడు ఎక్కువ వణికి, వేగం పెరిగితే తగ్గుతుంటే అది చాలావరకు నాజిలుదో కంప్రెషనుదో. ఒక సిలిండరు సరిగ్గా మండకపోతే రెండు చుట్లకు ఒకసారి కుదుపు వస్తుంది. తూకం తేడా అయితే ఐడిల్లో దాదాపు తెలియదు. వేగంతో పాటు, పైన చెప్పిన వర్గం లెక్కలో పెరుగుతుంది. క్లచ్చి తొక్కితే వణుకు మారుతున్నదంటే క్లచ్చి ప్లేటు వైపు చూడాలి. ఒకే ఒక వేగం దగ్గర దడదడలాడి, అటూ ఇటూ నిమ్మళంగా వుంటే ఏదో వదులైన భాగం అనునాదంలో పడిందన్న మాట. ముందు బోల్టులు చూడాలి. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా, చెవీ చెయ్యీ పెట్టి తెలుసుకోదగినవే.

ఇంజను విప్పించేవాళ్ళు మేస్త్రి పక్కన నిలబడి చేయదగిన పని ఒకటుంది. ఫ్లైవీలునూ, క్లచ్చి కవరునూ క్రాంకు నుంచి వేరు చేసే ముందు రెండింటి అంచులనూ కలుపుతూ సెంటరు పంచితో చుక్కలు కొట్టించాలి. కొన్ని ఇంజన్లలో వీటిని కలిపే తూకం చేసి వుంటారు. ఒక్క బోల్టు రంధ్రం పక్కకు జరిపి బిగించినా ఆ తూకం చెడుతుంది. రాడ్డు మూతలనూ అలాగే ఏ రాడ్డుది దానికే, అంకెలు ఒకవైపుకు వచ్చేటట్లు కట్టి వుంచాలి. మా మేస్త్రి అయితే ఒక్కో సిలిండరు సామానుకు ఒక్కో బెల్లం తట్ట పెట్టి, తట్టకు సుద్దతో ఒకటి, రెండు, మూడు అని రాశారు.